సిట్రిన్ జియోడ్ కొందామనుకుంటున్నా, ఇది సహజమైనదేనా? అగేట్ జియోడ్లు మన దగ్గర దొరుకుతాయా?

రాళ్ళబుట్ట (హైదరాబాద్):

అందరికీ నమస్తే. నాకు రాళ్ళంటే చిన్నప్పట్నుంచీ ఇష్టం, సెలవుల్లో ఊరికి వెళ్తే పలుగురాళ్ళు, చెకుముకిరాళ్ళు ఏరుకొచ్చి అటక మీద దాచేదాన్ని. ఇప్పుడు ఉద్యోగం కుదురుకుంది, చేతిలో కాస్త డబ్బు ఉంది, కాబట్టి సరైన కలెక్షన్ మొదలుపెడదామని ఒక అద్దాల బీరువా కూడా చేయించా. మొదటి పెద్ద రాయిగా సిట్రిన్ (పసుపు రంగు పలుగు) జియోడ్, అంటే లోపల గుల్లగా ఉండి గోడలకి స్ఫటికాలు పెరిగిన రాయి, ఒకటి తీసుకోవాలని ఉంది.

ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర చూశాను. అడుగున్నర ఎత్తు ఉంది, నిలువుగా కోసి కింద సిమెంట్ దిమ్మ పెట్టి నిలబెట్టారు, బయట బూడిదరంగు రాయి, లోపలంతా ముదురు నారింజ రంగులో చిన్న చిన్న మొనలు, ఆ మొనల మొదట్లో మాత్రం సుద్దలాగా తెల్లగా ఉంది. "హండ్రెడ్ పర్సెంట్ నేచురల్ సిట్రిన్, బ్రెజిల్, ఈశాన్యంలో పెట్టుకుంటే లక్ష్మీ కటాక్షం" అని రాశాడు, 22 వేలు చెప్తున్నాడు, వేరే పార్టీ కూడా అడుగుతోంది తొందరగా చెప్పండి అంటున్నాడు. నాకు వాస్తు కోసం కాదు, సహజ సిట్రిన్ అరుదు అని చదివాను, అలాంటిది ఒక్కటైనా నా దగ్గర ఉండాలని.

అలాగే అగేట్ (పొరలు పొరలుగా ఏర్పడే పలుగు జాతి రాయి) జియోడ్లు కూడా పెట్టాలని ఉంది కానీ షాపుల్లో చూస్తే అన్నీ గులాబీ, నీలం, ఊదా, మెరిసిపోతున్నాయి, అవి నిజంగా అలాగే పుడతాయా? మన తెలుగు రాష్ట్రాల్లో ఏమైనా దొరుకుతాయా లేక అన్నీ బయటినుంచి రావాల్సిందేనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

గట్టుమీదిరాయి (రాజమహేంద్రవరం):

ఫోటో అక్కర్లేదండీ, మీరు రాసిందే చాలు. ముదురు నారింజ రంగు, పొట్టి మొనలు, మొదట్లో సుద్ద తెలుపు, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే అది కాల్చిన అమెథిస్ట్, అంటే ఊదా రంగు పలుగు. రాయి నిజమే, జియోడ్ నిజమే, బ్రెజిల్ అన్నది కూడా నిజమే అయ్యుంటుంది, రంగు మాత్రం కొలిమిలో వచ్చింది. ఆ "నేచురల్" అనే మాటకి మీరు డబ్బు కట్టొద్దు.

ఎందుకలా అంటున్నానో చెప్తాను, ఇది ఒకసారి అర్థమైతే ఇక ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యలేరు. దక్షిణ బ్రెజిల్‌లో రియో గ్రాండే దో సుల్ అని ఒక రాష్ట్రం ఉంది, దాన్ని ఆనుకుని ఉరుగ్వేలో అర్తిగాస్ ప్రాంతం, మార్కెట్లో మనం చూసే పెద్ద అమెథిస్ట్ జియోడ్లు ఎక్కువగా ఈ రెండు చోట్లవే. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ లావా పొరలు పొరలుగా పరుచుకుంది, చల్లారేటప్పుడు లోపలి గ్యాస్ బయటికి పోలేక బుడగలుగా ఉండిపోయింది, ఆ బుడగల ఖాళీలే తర్వాత జియోడ్లయ్యాయి. సిలికా (పలుగు తయారయ్యే పదార్థం) కరిగిన నీళ్ళు రాతి సందుల్లోంచి ఆ ఖాళీల్లోకి ఊరుతూ ముందు గోడల వెంట సన్నటి అగేట్ పొరలు పట్టాయి, తర్వాత నీళ్ళలో సిలికా పలచబడ్డాక మెల్లగా పలుగు స్ఫటికాలు లోపలివైపుకి పెరిగాయి. ఆ స్ఫటికాల్లో ఇనుము కొద్దిగా చేరి, చుట్టూ ఉన్న రాళ్ళ సహజ రేడియేషన్ లక్షల ఏళ్ళు తగిలితే ఊదా రంగు వస్తుంది, అదే అమెథిస్ట్. దాన్ని 450 నుంచి 550 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే ఊదా పోయి, లోపలి ఇనుము వల్ల పసుపు నారింజ గోధుమ రంగులు వస్తాయి. మామూలుగా ఊదా మరీ లేతగా ఉండి ధర పలకని జియోడ్లని ఇలా కాలుస్తారు.

ఇప్పుడు గుర్తుపట్టడం. అమెథిస్ట్‌లో రంగు మొన దగ్గర చిక్కగా, మొదట్లో పలచగా ఉంటుంది. కాల్చినా ఆ అమరిక మారదు, ఊదా ఉన్నచోట నారింజ వస్తుంది, తెల్లగా ఉన్నచోట ఇంకా పాలిపోయి గుడ్డి తెలుపు అవుతుంది. సహజ సిట్రిన్ వేరే రకంగా ఉంటుంది. లేత నిమ్మ పసుపు, ఎండు గడ్డి రంగు, లేదంటే కాస్త పొగ కలిసిన తేనె రంగు. రంగు స్ఫటికం మొత్తం మీద ఇంచుమించు సమంగా పరుచుకుని ఉంటుంది, ఎర్రటి ఛాయ ఉండదు. ఎక్కువగా పొడుగాటి విడి స్ఫటికాలుగా దొరుకుతుంది, ఆరు పలకలూ స్పష్టంగా తెలుస్తాయి, ఆ పలకల మీద అడ్డంగా సన్నటి గీతలు ఉంటాయి. చాలావాటిలో రంగుకి కారణం కూడా ఇనుము కాదు, సిలికాన్ చోట్లో చేరిన అల్యూమినియం మీద రేడియేషన్ పనిచెయ్యడం, అందుకే స్మోకీ క్వార్ట్జ్‌కి, అంటే పొగరంగు పలుగుకి, ఇది దగ్గరి చుట్టం, ఒకే స్ఫటికంలో పొగ రంగూ పసుపూ రెండూ కలిసి ఉన్నవి కూడా చూస్తాం. జాంబియా, కాంగో, మడగాస్కర్, బ్రెజిల్లోనే మినాస్ జెరైస్, రష్యాలో యూరల్ పర్వతాలు, వీటి నుంచి వస్తాయి. గుహలాంటి జియోడ్ నిండా సహజ సిట్రిన్ అంటే మార్కెట్లో దాదాపు కనపడదు, కాబట్టి "సహజ సిట్రిన్ జియోడ్" అని ఎవరు రాసినా ముందు అనుమానించాల్సిందే.

ఇంకొకటి, బొలీవియాలో అనాహీ గనిలో ఒకే స్ఫటికంలో ఊదా, పసుపు పక్కపక్కన ఉండే అమెట్రిన్ వస్తుంది. అందులోని పసుపు భాగం భూమిలోనే వచ్చిన సిట్రిన్, చిన్న ముక్కైనా సరే మీ బీరువాలో ఉండాల్సిన రాయి అది.

నా సలహా ఏంటంటే ఆ 22 వేలు అలా ఉంచండి. అందులో నాలుగో వంతుకే జాంబియా లేదా కాంగో స్ఫటికం వేలెడంతది చూడండి, గని పేరో కనీసం జిల్లా పేరో రాసి ఇచ్చే సెల్లర్ దగ్గరే తీసుకోండి. ఎక్కడ పుట్టింది, తీసిన తర్వాత దానికి ఏం చేశారు, ఈ రెండూ తెలియని రాయి ఎంత మెరిసినా నా లెక్కలో సగం రాయే.

నల్లరేగడి_మనిషి (వికారాబాద్):

అక్కా, నువ్వు హైదరాబాద్‌ల ఉండి బ్రెజిల్ దిక్కు చూస్తున్నవ్, గంట గంటన్నర పడమటికొస్తే మా నేలంత లావానే. చేవెళ్ళ దాటినంక, వికారాబాద్, జహీరాబాద్, నారాయణఖేడ్ దిక్కు, ఉత్తరాన ఆదిలాబాద్ దిక్కు గూడ, నల్లరేగడి కనబడ్డదంటే చాలావరకు దానికింద దక్కన్ ట్రాప్ బసాల్ట్ (గట్టివడ్డ లావా రాయి) ఉన్నట్టే, సుమారు ఆరున్నర కోట్ల ఏండ్ల కిందటిది. ఆ నల్లరాయి అరిగి అరిగి మన రేగడైంది, కానీ అందుల బుడగల్ల పుట్టిన అగేట్, చాల్సెడొనీ (పొరలు కనబడని అగేట్ లాంటిది) గట్టివి గదా అవి అరగవు, చేన్ల అట్లనే మిగిలిపోతయ్. వానాకాలం దున్నినంక ఒక పెద్ద వాన పడ్డదంటే గట్ల పొంట, వాగుల పొంట తెల్లగ, నీలం కలిసిన బూడిద రంగుల మెరుస్తయ్.

ఎట్ల గుర్తువట్టాలె అంటే, పైనుంచి చూస్తే ఏమంత అందంగ ఉండదు, గడ్డ లెక్క గుండ్రంగ ఉంటది, పై తోలు గుంటలు గుంటలుగ ఉంటది, ఒక్కోసారి ఆకుపచ్చ పూత గూడ ఉంటది, అది సెలడోనైట్ అనే ఖనిజం. చేతుల వట్టుకుంటే సైజుకు తగ్గ బరువు లేదనిపిస్తే లోపల ఖాళీ ఉన్నట్టు, అది జియోడ్. బరువుగ ఉంటే లోపలంత నిండిపోయినట్టు, అది నాడ్యూల్. మా దిక్కు ఎక్కువ నిండినవే దొరుకుతయ్, ఖాళీ ఉన్నవి తక్కువ, ఉన్నా లోపల చిన్న చిన్న తెల్ల పలుగు మొనలు ఉంటయ్, బ్రెజిల్ లెక్క ఊదా గుహలు అనుకుని రాకు. కానీ అవి మన నేలవి, ఎవ్వడూ కాల్చలేదు, రంగెయ్యలేదు, నువ్వే నీ చేతులతోటి తీసినవి. నాకైతే గదే పెద్ద సంగతి.

కంకర క్రషర్ల దగ్గర గూడ మంచివి బయటపడుతయ్, ఎందుకంటే తాజాగ పగిలిన రాయి గదా. క్వారీ ఓనర్‌ను అడిగి, బ్లాస్టింగ్ లేని టైంల, వాళ్ళ మనిషిని వెంటవెట్టుకొని పోవాలె, ఒక్కదానివే గోడల కిందికి పోవద్దు, పైనుంచి రాళ్ళు రాలుతయ్. చేన్ల ఏరుకోవాలంటే రైతును అడగాలె, అడిగితే ఎవ్వరూ కాదనరు, పిల్లలను తోడిచ్చి మరీ చూపిస్తరు. అనంతగిరి గుట్టల్ల మాత్రం రిజర్వ్ ఫారెస్ట్ ఉంది, ఆడ రాయి ముట్టొద్దు. సరదాకు నాలుగు ముక్కలు వేరు, అమ్ముడు కోసం తవ్వుడు వేరు, తవ్వుడుకు పర్మిషన్ కావాలె. 2015ల కేంద్రం 31 ఖనిజాలను మైనర్ మినరల్స్ లిస్టుల చేర్చింది, అండ్ల అగేట్ గూడ ఉంది, అంటే రూల్స్ రాష్ట్రం చేతిల ఉంటయ్.

ఇంకో మాట. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌ల శాతవాహనుల కాలం ఊరు తవ్వితే అగేట్, కార్నీలియన్ (ఎర్రటి చాల్సెడొనీ) పూసలు బయటపడ్డయ్, ఆడనే మ్యూజియం ఉంది, పోయి చూడు. రెండు వేల ఏండ్ల కింద మనోళ్ళు ఈ రాళ్ళను ఎంత సన్నగ తొలిచిండ్రో చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తది.

ముత్యాలసందు (హైదరాబాద్):

అమ్మా, నేను రాళ్ళ వ్యాపారంలో చాలా ఏళ్ళుగా ఉన్నవాణ్ణి, గోదావరి ఆయన చెప్పినదాంట్లో సైన్స్ కరెక్టే, కానీ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. కాల్చినది సగం రాయి అనడం అన్యాయం. నగల మార్కెట్లో సిట్రిన్ అని అమ్మేదాంట్లో చాలా భాగం కాల్చినదే, అది ప్రపంచమంతా తెలిసిన సంగతి, రంగు కూడా పోదు, స్థిరంగా ఉంటుంది. గుజరాత్‌లో ఖంబాత్‌కి వెళ్ళండి, భరూచ్ జిల్లా రతన్‌పూర్ దగ్గర తవ్విన అగేట్‌ని ఎండబెట్టి, కుండల్లో పెట్టి పిడకల నిప్పులో కాల్చి ఎర్రటి కార్నీలియన్ చేస్తారు, ఈ పద్ధతి హరప్పా కాలం నుంచి ఉంది, ఆ పూసలు మెసొపొటేమియాలో ఊర్ నగరం రాజుల సమాధుల్లో దొరికాయి. వాటిని ఎవరైనా నకిలీ అంటారా? కాల్చడం తప్పు కాదు, కాల్చిన సంగతి దాచి ఎక్కువ రేటు తీసుకోవడం తప్పు. ఆ జియోడ్ మీకు నచ్చితే కాల్చిన అమెథిస్ట్ రేటుకి బేరం చేసి తీసుకోండి, అందం అందమే.

మీకు పనికొచ్చేది ఇంకొకటి చెప్తాను, ఎందుకంటే మన దగ్గర సిట్రిన్‌తో జరిగే అసలు మోసం జియోడ్లలో కాదు, ఉంగరాల్లో. సునేలా అని అమ్మేది సిట్రినే, దాన్నే గోల్డెన్ టోపాజ్ అని, కొందరైతే ఏకంగా కనకపుష్యరాగం అని అంటగడతారు. కనకపుష్యరాగం అంటే పసుపు నీలమణి జాతి, కోరండం, దాని ధర ఎక్కడ, పలుగు ధర ఎక్కడ. ఇంట్లోనే పట్టుకోవచ్చు. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ త్రాసు కొనండి, గ్రాములో వందో వంతు చూపించేది. ముందు రాయిని పొడిగా తూచండి. తర్వాత గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చెయ్యండి, రాయిని సన్నటి దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకీ పక్కలకీ తగలకూడదు, బుడగలు అంటుకోకూడదు. అప్పుడు త్రాసు చూపించే అంకెతో పొడి బరువుని భాగించండి. ఉదాహరణకి పొడిగా 5.30 గ్రాములు, నీళ్ళలో 2.00 చూపిస్తే 2.65 వస్తుంది, అది పలుగు జాతి, అంటే సిట్రిన్. టోపాజ్ అయితే 3.5 చుట్టుపక్కల, కోరండం అయితే 4 వస్తుంది. అబద్ధం చెప్పడానికి చోటే లేదు. రాయి విడిగా ఉండాలి, బంగారంలో పొదిగాక ఈ లెక్క పనిచెయ్యదు. కాల్చిందా కాల్చలేదా అన్నది మాత్రం ఈ పరీక్షతో తేలదు, రెండూ పలుగే కాబట్టి బరువు ఒకటే. విలువైన రాయి అయితే ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా కొనకండి.

రాళ్ళబుట్ట (హైదరాబాద్):

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. ఆ సెల్లర్‌ని సూటిగా హీట్ చేసిందా అని అడిగాను, భూమి లోపల వేడికే అలా అయ్యింది మేడం, అది నేచురల్ హీటే కదా అన్నాడు! అక్కడితో వదిలేశా. వికారాబాద్ తమ్ముడూ, వానాకాలంలో తప్పకుండా వస్తా, మెసేజ్ పెడతాను.

ఇంకో రెండు డౌట్లు. ఆ గులాబీ నీలం అగేట్ స్లైసుల గురించి ఎవరూ చెప్పలేదు. రెండోది, చేలో దొరికిన గడ్డని తెరవడం ఎలా? మా ఇంటి పక్కన గ్రానైట్ కటింగ్ షాపు ఉంది, అక్కడ కోయించుకోవచ్చా, లేక సుత్తితో పగలగొట్టాలా?

గట్టుమీదిరాయి (రాజమహేంద్రవరం):

ముత్యాలసందు గారూ, ఖంబాత్ ఉదాహరణ మీరు తెచ్చారు కాబట్టి చెప్తున్నా, నేను ఆ పనికి దండం పెడతాను. అక్కడ కాల్చడం ఒక విద్య, కొనేవాడికి తెలుసు, చేసేవాడు చెప్తాడు. నా కోపమంతా ఆ "నేచురల్" అనే ముద్ర మీదే. నగ కోసం కొనేవాళ్ళకి కాల్చినా ఫర్వాలేదు, కానీ ఈ అమ్మాయి అడిగింది ఖనిజాల కలెక్షన్ గురించి, అక్కడ రాయి తన పుట్టుక గురించి ఏం చెప్తుందన్నదే విలువ. ఆ లేత నిమ్మ పసుపు రావడానికి కోట్ల ఏళ్ళు పట్టింది, మధ్యాహ్నం కొలిమిలో వచ్చిన నారింజ రంగునీ దాన్నీ ఒకే పేరుతో పక్కపక్కన పెట్టడం నాకు మనసొప్పదు.

అగేట్ స్లైసుల సంగతి. ముదురు గులాబీ, నెమలి నీలం, పచ్చి ఊదా, ఇవన్నీ వేసిన రంగులే, సందేహం అక్కర్లేదు. జర్మనీలో ఇదార్-ఓబర్‌స్టైన్ అనే ఊరు శతాబ్దాలుగా అగేట్ సాన పట్టడానికి పేరుపడింది. అక్కడి గనులు వట్టిపోయాక, 19వ శతాబ్దం మొదటి సగంలో, బ్రెజిల్‌కి వలసపోయిన ఆ ఊరివాళ్ళే రియో గ్రాండే దో సుల్‌లో కుప్పలుగా పడి ఉన్న అగేట్ చూసి సొంతూరికి పంపడం మొదలుపెట్టారు. ఆ బ్రెజిల్ అగేట్ ఎక్కువగా బూడిదరంగు, కానీ సన్నటి రంధ్రాలు ఉండటం వల్ల రంగు బాగా పీలుస్తుంది. చక్కెర పాకంలో నానబెట్టి తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేస్తే లోపలి చక్కెర బొగ్గయి నల్ల ఓనిక్స్ వస్తుంది, ఇనుము లవణాలతో ఎరుపు, ఇంకో రకం ఇనుము రసాయనంతో నీలం, క్రోమియంతో ఆకుపచ్చ. గులాబీ, ఊదా లాంటివి ఎక్కువగా మామూలు అద్దకం రంగులే, ఎండలో కొన్నాళ్ళకి వెలిసిపోతాయి. గుర్తుపట్టడానికి వెలుతురుకి అడ్డంగా పెట్టి భూతద్దంతో చూడండి, పగుళ్ళ వెంట రంగు గడ్డకట్టి ఉంటుంది, కొన్ని పొరలు రంగు తాగి పక్కనున్న గట్టి పొర తెల్లగా మిగిలి ఉంటుంది. అసిటోన్ దూదితో తుడిస్తే పైపైన వేసిన రంగు అంటుకుంటుంది, కానీ అంటుకోలేదు కదా అని సహజం అనుకోవద్దు, లోపలికి దిగినది రాదు. జియోడ్లలో ఇంకో మోసం కూడా ఉంది, తెల్ల జియోడ్ లోపల జిగురు పూసి రంగు పొడో చిన్న స్ఫటికాలో అతికించి అమ్ముతారు, అన్ని మొనలూ ఒకే సైజులో ఒకే మెరుపుతో చక్కెర చల్లినట్టు ఉంటే అదే.

సహజ అగేట్ రంగులు బూడిద, తెలుపు, నీలి బూడిద, గోధుమ, ఇటుక ఎరుపు, తేనె రంగు, ఇలా నెమ్మదిగా ఉంటాయి, కానీ మెక్సికో లగూనా అగేట్ లాంటివాటిలో సహజంగానే కళ్ళు చెదిరే ఎరుపు ఉంటుంది, కాబట్టి ముదురు రంగు కనపడగానే తోసెయ్యకండి, చోటు అడగండి. అగేట్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పొరల లెక్క. గోడ వంపుని అనుసరిస్తూ పోయే పొరలు ఒక రకం, కోట గోడల్లా కోణాలు తిరుగుతాయి. కొన్నిట్లో అడుగున తిన్నగా సమాంతరంగా పరుచుకున్న పొరలు ఉంటాయి, నీళ్ళలో తేరుకున్నట్టు, అవి చూస్తే ఆ రాయి పుట్టినప్పుడు ఏది కిందివైపో, ఏది పైవైపో చెప్పెయ్యొచ్చు. లావాలో ఆ బుడగ ఏ దిక్కున పడుకుందో ఇన్ని కోట్ల ఏళ్ళ తర్వాత మన బల్ల మీద చూస్తాం, ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. కోయించేటప్పుడు అందుకే తొందరపడకండి, ముందు తడిపి, టార్చ్ వేసి, ఎటు కోస్తే పొరలు తెరుచుకుంటాయో చూడండి.

మా వైపు కూడా లావా ఉందండోయ్, కాతేరు, పంగిడి, గౌరీపట్నం దగ్గర క్వారీల్లో. పశ్చిమ కనుమల వైపు పొంగిన లావా ప్రవాహాలే ఇంత దూరం వచ్చాయని జియాలజిస్టులు చెప్తారు. ఇక్కడ లావా పొరల మధ్య సముద్రపు గవ్వల శిలాజాలు కూడా ఉన్నాయి. గోదావరి, కృష్ణ రెండూ దక్కన్ లావా మీదుగానే పారి వస్తాయి కాబట్టి ఏటి గులకరాళ్ళలో కూడా నున్నగా అరిగిన అగేట్ ముక్కలు కనిపిస్తాయి, ఇసుక తిన్నెల్లో ఎండ వాలుగా ఉన్నప్పుడు నడవండి, వెలుతురు లోపలికి దిగే గులకరాయి వెంటనే తెలుస్తుంది.

ఇక గ్రానైట్ షాపు. కోయించుకోవచ్చు, డైమండ్ బ్లేడు ఉంటుంది, కానీ నీళ్ళు పోస్తూ కోసే మెషీన్ అయితేనే. చేతి గ్రైండర్‌తో పొడిగా కోస్తామంటే వద్దనండి, మీరు పక్కన నిలబడకపోయినా వద్దనండి. అగేట్ అంతా సిలికానే, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక తగ్గే మందు లేదు. ఖంబాత్‌లో అగేట్ సాన పట్టే కుటుంబాల్లో ఎంతమంది దీనితో నలిగిపోయారో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు ఎప్పుడో అధ్యయనం చేసి చెప్పారు. మన అద్దాల బీరువా కోసం ఇంకొకరి ఊపిరి పోకూడదు. సాన కూడా తడిగానే, సిలికాన్ కార్బైడ్ పొడి 80తో మొదలుపెట్టి 220, 400, 600 దాకా వెళ్ళి చివర్లో సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెడితే అద్దంలా వస్తుంది.

మొక్కజొన్నదేశం (అయోవా):

నేను అమెరికాలో ఉంటానండీ, మిడ్‌వెస్ట్‌లో, ఈ థ్రెడ్ చూసి ఆగలేక రాస్తున్నా ఎందుకంటే మా రాష్ట్ర శిలే జియోడ్, 1967లో అలా ప్రకటించారు. లావా లేకుండా కూడా జియోడ్లు పుడతాయని మీకు చెప్పాలనిపించింది. అయోవా, ఇలినాయ్, మిస్సోరి రాష్ట్రాలు కలిసేచోట కియోకక్ అనే ఊరి చుట్టుపక్కల దొరుకుతాయి, ఒకప్పటి లోతు తక్కువైన సముద్రం అడుగున పేరుకున్న బురద, సున్నపురాతి పొరల్లో, 30 కోట్ల ఏళ్ళకి పైబడినవి. అవి ముందు గడ్డలుగా ఏర్పడి, మధ్యలోది కరిగిపోయి, ఆ ఖాళీలో పలుగు పెరిగింది. లోపల ఎక్కువగా తెల్ల పలుగు, ఒక్కోసారి కాల్సైట్, బంగారంలా మెరిసే పైరైట్ సూదులు, ఇలినాయ్ వైపు నయోటా దగ్గరవాటిలో అయితే తెరిస్తే నల్లటి తారు లాంటి చమురు కారుతుంది, నిజంగా!

ఇక్కడ కొన్ని ప్రైవేటు పొలాల్లో డబ్బు కట్టి తవ్వుకోనిస్తారు, బకెట్ లెక్కనో బరువు లెక్కనో. జియోడ్ స్టేట్ పార్క్ అని పేరున్న పార్కులో మాత్రం ఒక్కటి కూడా తీసుకోకూడదు. పగలగొట్టడానికి సుత్తి వాడితే ముక్కలు చెక్కలవుతుందండీ, ఇక్కడ ప్లంబర్లు పోత ఇనుము పైపులు కోసే గొలుసు కట్టర్ ఉంటుంది, దాన్ని జియోడ్ నడుం చుట్టూ బిగిస్తే సమంగా రెండు చిప్పలుగా విడిపోతుంది. మన దగ్గర అది దొరక్కపోతే సన్నటి ఉలితో నడుం చుట్టూ గీత వచ్చేలా మెల్లగా కొడుతూ తిప్పుతూ పోవాలి, ఒకేచోట బలంగా కొట్టకూడదు, కళ్ళద్దాలు తప్పనిసరి. ఇది ఖాళీ ఉన్న జియోడ్లకే, లోపల నిండిన అగేట్ గడ్డని మాత్రం కోయించాల్సిందే.

ఫిబ్రవరిలో ఆరిజోనా వచ్చే పని ఎవరికైనా ఉంటే టూసన్ వెళ్ళండి, ఊరంతా రాళ్ళ సంతే. అక్కడ కాల్చిన సిట్రిన్ జియోడ్లు వరసలు వరసలుగా ఉంటాయి, పక్క టేబుల్లో కాంగో సహజ స్ఫటికాలు ఉంటాయి, రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఇక జన్మలో పొరపాటు పడరు. హైదరాబాద్‌లో అయితే ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఆవరణలో 2022లో ఓపెన్ రాక్ మ్యూజియం తెరిచారు. ఇంకాస్త దూరం వెళ్ళగలిగితే నాసిక్ దగ్గర సిన్నర్‌లో గార్గోటి మ్యూజియం ఉంది, దక్కన్ లావా బుడగల్లో పుట్టిన జియోలైట్లు, అపోఫిలైట్లు అనే ఖనిజాలు చూడాలంటే దాన్ని మించింది లేదు, నేను ఇండియా వచ్చినప్పుడు మా పిల్లల్ని తీసుకెళ్ళా, వాళ్ళు బయటికి రామన్నారు.

నల్లరేగడి_మనిషి (వికారాబాద్):

అమెరికా అక్క చెప్పిన ఉలి ముచ్చట కరెక్ట్. ఇంగొకటి యాదికుంచుకో రాళ్ళబుట్టక్కా, దొరికిన రాయికి ఎర్రమట్టి, తుప్పు మరకలు ఉంటయ్ గదా, ముందు ఉత్త నీళ్ళు, పాత టూత్ బ్రష్. పోకపోతే ఆక్సాలిక్ యాసిడ్ పొడి నీళ్ళల్ల కలిపి ప్లాస్టిక్ బకెట్ల నానబెడతరు, కానీ అది విషం, ఇంట్ల పిల్లలుంటే వద్దు, చేతులకు గ్లౌజులు లేకుండ ముట్టొద్దు. మా దిక్కు రాళ్ళల్ల కాల్సైట్, జియోలైట్ గూడ కలిసి ఉంటయ్, యాసిడ్ తగిలితే అవి ఖరాబైతయ్, పోతే మళ్ళ రావు. అనుమానం ఉంటే మరక అట్లనే ఉండనియ్. వేడినీళ్ళు, ఆ వెంటనే చల్లనీళ్ళు అస్సలు పొయ్యొద్దు, చిట్లుతది.

గట్టుమీదిరాయి (రాజమహేంద్రవరం):

అమెథిస్ట్ ఉంటే బీరువాని కిటికీ ఎండ పడని గోడకి జరపండి, ఊదా ఎండకి వెలుస్తుంది. పొగరంగు కలిసిన సహజ సిట్రిన్‌ని కూడా వేడి బల్బుల కింద పెట్టకండి, ఎల్ఈడీ చాలు. ఇక ప్రతి రాయికీ అడుగున కనపడని చోట చిన్న చుక్క తెల్ల ఎనామిల్ పెయింట్ పెట్టి దాని మీద నంబర్ రాయండి, ఒక నోట్‌బుక్‌లో ఆ నంబర్ ఎదురుగా ఊరు, చేను లేదా క్వారీ, తేదీ, ఎవరిచ్చారు, కొన్నదైతే ఎంతకి, కాల్చిందో రంగు వేసిందో తెలిస్తే అది కూడా రాసుకోండి. ఫోన్లో మాత్రమే పెట్టుకోవద్దు. వికారాబాద్ వెళ్ళే రోజు ఆ నోట్‌బుక్కూ, విడివిడిగా చుట్టడానికి పాత పేపర్లూ వెంట తీసుకెళ్ళండి, సంచిలో అన్నీ కలిపి వేస్తే మొనలు విరుగుతాయి, ఏది ఏ చేలోదో కూడా ఇంటికొచ్చాక గుర్తుండదు.